కోత పండుగలో నాన్న పాడుకున్న కూరలు

మా ఇంట్లో కూరగాయలంటే బంగాళాదుంపలు. ఎప్పుడైనా విసుగొస్తే, మార్పు కోసమని వాటిని గుండ్రంగా కాకుండా పొడుగ్గా కోసేవారు. మిగతా రోజుల్లో చేపలు. విశాఖపట్నం పాత టౌన్లో, ఓడ కూత వేస్తే గిన్నెలు కదిలేంత దగ్గర్లో ఉండేవాళ్ళం. మా వీధిలో చేప కూడా ఒక రకం కాయగూరే అన్నట్టు ఉండేది వ్యవహారం. పప్పుచారులో మునక్కాడ ముక్క కనిపిస్తే దాన్ని తీసి, బల్లిపిల్ల పడినంత జాగ్రత్తగా పళ్ళెం అంచున పెట్టేవాళ్ళం నేనూ మా తమ్ముడూ.

డెబ్బైల చివరి మాట ఇది. నేను నాలుగో తరగతి. తమ్ముడు అప్పుడే బళ్ళో చేరాడు. నాన్న పోర్టు వర్క్‌షాపులో ఫోర్‌మన్. అమ్మ ఇంట్లోనే కుట్టుమిషన్ మీద వీధిలో వాళ్ళకి జాకెట్లు కుట్టేది. అంతా సవ్యంగానే జరిగిపోతున్న రోజుల్లో ఒక డాక్టరమ్మ మా బడికి వచ్చింది. పిల్లలందరినీ వరసలో నిలబెట్టి కింది రెప్పలు లాగి చూసింది. తమ్ముడి రెప్ప దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగి, "ఈ బాబుకి ఇంట్లో ఆకుకూరలు పెట్టరా?" అని అడిగింది. ఆ సమయానికి నాన్న, అంతకు ముందెప్పుడూ బడి గడప తొక్కని మనిషి, సరిగ్గా ఆ రోజే ఫీజు కట్టడానికి వచ్చి పక్కన నిలబడి ఉన్నాడు.

"పెడతాం డాక్టరుగారూ, ఎందుకు పెట్టం?" అన్నాడు. నాన్న అబద్ధం చెప్పగా నేను చూడడం అదే మొదటిసారి. చాలా బాగా చెప్పాడు.

ఆ సాయంత్రం నుంచి మా ఇంట్లో భోజనాల దగ్గర ఉపన్యాసాలు మొదలయ్యాయి. నాన్నకి యంత్రాల గురించి తప్ప వేరే పోలిక రాదు.

"ఒళ్ళంటే ఏట్రా? ఇంజను. ఇంజనుకి గ్రీజు ఎయ్యకపోతే ఏటవుద్ది? పట్టేస్తాది. తోటకూరంటే అదేరా, గ్రీజు."

"గ్రీజు ఎవులైనా తింతారేటి నాన్నా?" అని తమ్ముడు న్యాయంగానే అడిగాడు.

"నోర్ముయ్. తిను."

ఈ ఉపన్యాసం సాగుతున్నంతసేపూ నాన్న పళ్ళెంలో ఉన్నది వంజరం చేప వేపుడు. తోటకూర మా పళ్ళేల్లోనే ఉంది. ఆయన ఇంజను ఏ గ్రీజు మీద నడుస్తోందో అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

ఉపన్యాసాలు పని చెయ్యకపోయేసరికి భయం పెట్టడం మొదలుపెట్టాడు. ఆకుకూరలు తినకపోతే కళ్ళు పోతాయన్నాడు. నేను ఎంత బుద్ధిమంతురాలినంటే, ఎలాగూ పోతాయి కదా, ముందే అలవాటు చేసుకుందామని కళ్ళు మూసుకుని ఇల్లంతా తిరగడం సాధన చేశాను. కుట్టుమిషన్ తగిలి నుదురు బొప్పి కట్టింది. తోటకూర మాత్రం తినలేదు.

భయం తర్వాత లంచం. బీన్సు ముక్క తింటే బిస్కెట్టు. ఆ పథకం వల్ల లాభం లేదని అనలేను. మొదట్లో బీన్సు తిన్నాక బిస్కెట్టు పుచ్చుకున్న తమ్ముడు, వారం తిరగకుండా బిస్కెట్టు చేతిలో పెడితేగాని నోరు తెరవని దశకి వచ్చాడు. ఆ తర్వాత క్రీము బిస్కెట్టు అయితేనే అన్నాడు. వాడికి బీన్సు రుచి తెలియలేదు గాని బేరం రుచి తెలిసింది.

లంచం తర్వాత బలవంతం. పళ్ళెం ఖాళీ అయ్యేదాకా లేవడానికి వీల్లేదన్నాడు. నేను మంచినీళ్ళతో మందుబిళ్ళల్లా మింగేసి లేచిపోయేదాన్ని. తమ్ముడు అలా కాదు. గోరుచిక్కుడు ముద్దని బుగ్గలో దాచి, నోరు కదపకుండా గోడవైపు చూస్తూ కూర్చునేవాడు. నాన్న కళ్ళల్లో కళ్ళు పెట్టి కూర్చునేవాడు. ఒకసారి ఆ ముద్దతోటే వాడు నిద్రపోయాడు. పొద్దున్న పళ్ళు తోముకుంటుంటే బయటికొచ్చింది. దాన్ని చూసి కూడా నాన్న ఓటమి ఒప్పుకోలేదు. "సూశావా, రేత్రంతా సారం లోపలికి దిగుంతాది" అన్నాడు అమ్మతో.

అమ్మ జాకెట్టు అంచు దగ్గర దారం పళ్ళతో తెంపి, మిషన్ తొక్కుకుంటూ పోయింది.

అప్పుడే మా చర్చిలో కోత పండుగ వచ్చింది. ఆ రోజు సంఘంలో వాళ్ళందరూ తమ తమ పంటలో మొదటి భాగం తెచ్చి ప్రార్థన బల్ల ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వాటిని ఆవరణలో వేలం వేస్తారు. పట్నంలో పంటలెక్కడివి అంటారేమో, పొలాలున్న చుట్టాలుంటారు, పెరళ్ళున్న వాళ్ళుంటారు, ఏమీ లేనివాళ్ళు పూర్ణా మార్కెట్లో కొని తెచ్చి దేవుడికి తమ పంటగా చూపిస్తారు. ఆ సంవత్సరం అందరికన్నా ఎక్కువ తెచ్చింది మా మావయ్య. అమ్మకి అన్న. గాజువాక దగ్గర వర్క్‌షాపులో లేతు మిషన్ మీద పని. ఇంటి వెనక బోలెడు పెరడు. ఆదివారం పెరట్లో కాసిన ప్రతి కాయనీ పేరుపేరునా పలకరించే మనిషి. సొరకాయలు, పొట్లకాయలు, కంద, అరటిపువ్వులు, బీరకాయలు, బచ్చలికూర, ఒక పెద్ద గుమ్మడికాయ బస్సు టాపు మీద వేసుకుని తెచ్చాడు.

వేలంలో కోళ్ళూ బియ్యం బస్తాలూ చకచకా అయిపోయాయి. సంఘ పెద్ద ఒకాయన రెండు సొరకాయలు చెరో చేత్తో ఎత్తిపట్టుకునేసరికి ఆవరణ నిశ్శబ్దమైపోయింది. దేవుణ్ణి ప్రేమించినవాళ్ళలో కూడా సొరకాయని ప్రేమించేవాళ్ళు తక్కువ.

"ఎవులూ పాడరేటి? మా పెరట్లో కాయలండీ, ఎన్నపూసలా ఉంతాయి" అని మావయ్య వెనకనుంచి కేకేశాడు.

బావగారి పరువు నిలబెడదామని నాన్న ఏదో చిన్న పాట పాడాడు. అంతటితో అయిపోయేదే. మావయ్యకి ఆ అంకె నచ్చలేదు. ఆయన పైకి పాడాడు. నాన్న తెల్లబోయి వెనక్కి తిరిగాడు.

"ఏటి బావా, నీ కాయ నువ్వే పాడుకుంతావా?"

"నువ్వు కట్టిన దర ఇని ఆ కాయే సిగ్గుపడతన్నాది బావా. మరి నాను పాడకపోతే ఎలాగ?"

జనం నవ్వారు. నాన్న చొక్కా చేతులు పైకి మడిచాడు. వర్క్‌షాపులో బోల్టు ఊడిరాకపోతే ఆయన అలాగే మడుస్తాడు. ఇంక ఆ తర్వాత సొరకాయల సంగతి ఎవరికీ గుర్తులేదు. ఒకరు పాడితే ఇంకొకరు. ఆడవాళ్ళు చప్పట్లు. "దేవుడి పనికే కదా, పాడండి బాబూ" అని సంఘ పెద్ద ఆజ్యం పోశాడు. చివరికి మావయ్య నవ్వుతూ చేతులెత్తేశాడు. నాన్న గెలిచాడు. గెలుపు రుచి మరిగాక ఆగడం కష్టం. పొట్లకాయలు నాన్నే. కంద నాన్నే. అరటిపువ్వులు, బీరకాయలు, బచ్చలి, గుమ్మడికాయ, అన్నీ నాన్నే. మావయ్య ప్రతిదానికీ ఒక పాట ఎగదోసి, సరిగ్గా సమయానికి తప్పుకున్నాడు.

ఆఖర్న అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, నాన్నని ముందుకు పిలిచి భుజం మీద చెయ్యి వేశారు. "పిల్లలకి భూమి ఇచ్చే ఫలాలు తినిపించాలన్న తపన మన సోదరుడికి ఎంతుందో ఈ రోజు చూశాం. అందరూ నేర్చుకోవాలి" అన్నారు. తమ్ముడు అక్కడే ఏడవడం మొదలుపెట్టాడు. ఆనందబాష్పాలనుకున్నారు చుట్టుపక్కల వాళ్ళు.

రిక్షాలో కూరగాయలు ఎక్కాయి. మేం వెనక నడిచాం. పొట్లకాయలు రిక్షాకి రెండువైపులా వేలాడుతూ వెళ్తుంటే టౌనంతా చూసింది. ఇంటికొచ్చాక వంటింటి నేల మీద అన్నీ దింపితే అమ్మ కాలు పెట్టడానికి చోటు లేకపోయింది. మాకు ఫ్రిజ్జు లేదు. మా వీధిలో ఎవరికీ లేదు.

అమ్మ గుమ్మం దగ్గర నిలబడి అంతా చూసింది.

"ఏటండీ ఇది?"

"దేవుడి పనే."

"దేవుడు తిండు కదండీ."

"పిల్లలు తింతారు."

"పిల్లలు పాడేరేటి? పాడింది మీరు. ముందు మీరు తినండి, పిల్లలు సూస్తారు" అని అమ్మ కత్తిపీట తీసుకుంది.

అప్పటిదాకా నాన్నకి ఆ కోణం తట్టలేదనుకుంటాను. మొహంలో విజయం మెల్లగా దిగిపోవడం నేను కళ్ళారా చూశాను.

మొదట కంద వంతు వచ్చింది. కంద కోస్తే చేతులు దురద పెడతాయని అమ్మ చింతపండు నానబెట్టి, చేతులకి నూనె రాసుకుంటోంది. నాన్న నవ్వాడు. "నాను రోజూ ఇనుం కోస్తన్నాను. కంద కొయ్యడానికి ఈ సింగారమంతా ఎందుకు? ఇలాగివ్వు" అని కత్తిపీట లాక్కున్నాడు. ఇనుము కోసినట్టే కోశాడు, ముక్కలన్నీ ఒకే కొలత. నేనూ తమ్ముడూ మెచ్చుకోలుగా చూస్తున్నాం. కాసేపటికి ఆయన మోచెయ్యి గోడకి రుద్దుకోవడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత మెడ గోక్కున్నాడు. దాంతో దురద మెడకి కూడా ఎక్కింది. చివరికి పెరట్లో బావి దగ్గర నిలబడి, చింతపండు పిప్పితో ఒళ్ళంతా తోముకుంటూ మావయ్యని ఉద్దేశించి ఏవో అన్నాడు. పొద్దున్న చర్చిలో విన్న మాటలు కావవి.

మాకు నవ్వాగలేదు. అమ్మ ఆ కందని బచ్చలికూరతో కలిపి ఉడికించి, ఆవపిండి పెట్టింది. నాన్నని అంత గోకించిన వస్తువు నోట్లో పెడితే ఏమవుతుందో చూడాలని తమ్ముడికి ఆశ పుట్టింది. నాలుక చివర తగిలించి, కాసేపు ఆగి, "దురదెట్టలేదు" అన్నాడు. ఇంకో ముక్క పెట్టుకున్నాడు. వాడు తన ఇష్టంతో నోట్లో పెట్టుకున్న మొదటి కూర అదే. దానికి గ్రీజు ఉపన్యాసం కారణం కాదని చెప్పడానికి విచారిస్తున్నాను.

మర్నాడు సొరకాయ. అమ్మ పాలు పోసి, జీలకర్ర వేసి వండింది. నాన్న పళ్ళెంలో మొదట వడ్డించింది. ఆయన కలుపుకోలేదు. కడుపులో బాగోలేదన్నాడు. ఆ రాత్రి పెరుగన్నం తిన్నాడు. ఆ మర్నాడు మిగతాది పులుసు పెడితే, షిఫ్టులో ఎవరో భోజనం పెట్టారన్నాడు. మూడోసారి వేపుడు చేస్తే ఇంక కారణాలు అయిపోయి, పళ్ళెంలో ఆ ముక్కల్ని అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాడు. మాకు ఎంతో తెలిసిన ఆటే అది. మేం ఆడినంత బాగా ఆడలేకపోయాడు.

"నాన్నా, నువ్వు తినవేటి?" అన్నాడు తమ్ముడు.

నాన్న అమ్మవైపు చూశాడు. అమ్మ చూడలేదు, మజ్జిగ చిలుకుతోంది.

"నా వల్ల కాదురా" అన్నాడు చివరికి. "సిన్నప్పుడు బోర్డింగులో ఉండీవోణ్ణి. పొద్దున్నా సొరకాయే, రేత్రీ సొరకాయే. నీలల్లో ఉడకబెట్టి ఉప్పేసీవోరు, అంతే. తినకపోతే లెగనిచ్చీవోరు కాదు. అందరూ ఆటకెల్లిపోయీవోరు. నానొక్కణ్ణే ఆ పళ్ళెం ముందర కూకునీవోణ్ణి. ఈగలు ముసిరీవి. ఆ వాసనొస్తే ఇప్పటికీ అదే గుర్తొత్తాది."

నాన్నకి చిన్నతనం ఉండేదని, అందులో ఆయన కూడా ఒక పళ్ళెం ముందు ఒంటరిగా కూర్చున్నాడని మాకు అప్పుడే తెలిసింది. వాళ్ళ నాన్న చనిపోయాక ఆయన్ని బోర్డింగులో వేశారని మాత్రం విన్నాం. అక్కడేం తిన్నాడో ఎప్పుడూ చెప్పలేదు.

తమ్ముడు కాసేపు ఆలోచించి, వెక్కిరింతేమీ లేకుండా, నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. "మరి నన్నెందుకు కూకోబెడతన్నావ్ నాన్నా?"

మజ్జిగ కవ్వం ఆగింది. నాన్న తమ్ముడి ముందున్న పళ్ళెం పక్కకి జరిపాడు.  "లెగరా, ఎల్లి ఆడుకో" అన్నాడు. తమ్ముడు పళ్ళెం వైపు అనుమానంగా చూసి, ఎక్కడ మాట మార్చుకుంటాడోనని పరిగెత్తాడు.

ఆ రాత్రి అమ్మ ఒక కొత్త పద్ధతి చెప్పింది. ఎవరూ ఏదీ తినక్కర్లేదు. కాని పళ్ళెంలో ప్రతి కూరా ఒక చెంచాడు పడుతుంది. ముట్టుకోవచ్చు, వాసన చూడొచ్చు, నాలుక్కి తగిలించొచ్చు. నచ్చకపోతే మధ్యలో పెట్టిన స్టీలు గిన్నెలో వేసెయ్యొచ్చు. ఎందుకు వేశావని ఎవరూ అడగకూడదు. తింటే మెచ్చుకోకూడదు కూడా. నాన్నకీ అదే నియమం.

"మెచ్చుకోకపోతే ఎలాగే?" అన్నాడు నాన్న. ఉపన్యాసం వద్దన్నప్పటికన్నా ఎక్కువ బాధపడ్డాడు.

"మీ వర్క్‌షాపులో గునపం ఎత్తినోడికల్లా సప్పట్లు కొడతారేటండి?"

మొదట్లో ఆ గిన్నె నిండిపోయేది. అందులో సగం నాన్నవే. అమ్మ దాన్ని తీసుకెళ్ళి పక్కింటి మేకకి వేసేది. ఆ రోజుల్లో మా వీధి మొత్తంలో సమతులాహారం తిన్న ప్రాణి అది ఒక్కటే.

మేక యజమానురాలు ఖాలా, అంటే ఉర్దూలో పిన్ని. అందరం అలాగే పిలిచేవాళ్ళం. వాళ్ళాయనకి టౌన్లో రేకు పెట్టెల దుకాణం. మిగిలిన సొరకాయని అమ్మ గోడమీంచి ఆమెకిచ్చింది. సాయంత్రం ఆమె గిన్నె పట్టుకుని మా ఇంట్లోకే వచ్చింది. నాన్న గుమ్మంలో షూ విప్పుతున్నాడు.

"అన్నా, మీరు పాడిన సొరకాయే. దాల్చా చేశా. శనగపప్పు, మాంసం ఏసి. వేడిమీద తినాలి."

"తర్వాత తింతానమ్మా" అన్నాడు నాన్న.

"తర్వాత బాగోదు. నేను చూస్తా" అని ఆమె ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది.

పిల్లల దగ్గర కడుపునొప్పి చెప్పొచ్చు. ఇంటికొచ్చిన ఆడపడుచు దగ్గర ఎలా చెబుతాడు? నాన్న కూర్చున్నాడు. అన్నంలో కలిపాడు. మాంసం ముక్క ఒకటి చాలా నింపాదిగా నమిలాడు, ఇంకొకటి నమిలాడు. ఖాలా కదల్లేదు. చివరికి సొరకాయ ముక్క వేళ్ళమధ్య పట్టుకుని, ముక్కు కాస్త బిగబట్టి నోట్లో వేసుకున్నాడు. నేనూ తమ్ముడూ, అంత శ్రద్ధగా బళ్ళో కూడా ఎప్పుడూ చూడలేదు.

మింగాడు. ఎదురుగా గోడని చూశాడు. ఇంకో ముక్క తీసుకున్నాడు.

"ఇది ఆ వాసన రాదేటి?" అన్నాడు ఎవరితోనో.

"సొరకాయ ఏం పాపం చేసింది అన్నా? నీళ్ళలో ఉడికిస్తే మనమూ అలాగే ఉంటాం" అంది ఖాలా.

తమ్ముడు తనకీ కావాలన్నాడు. నేనూ అన్నాను. నాన్న పళ్ళెంలోంచే పెట్టాడు. ఎవరూ ఎవరినీ మెచ్చుకోలేదు, నియమం ప్రకారం. నాన్న కళ్ళు మాత్రం ఎర్రబడ్డాయి. మిరపకాయ తగిలిందన్నాడు.

ఆ తర్వాత రోజుల్లో మిగిలిన పోగు తరగడం మొదలైంది. హార్బరు నుంచి ఎగిరొచ్చే ఇనుప ఖనిజం ఎర్ర దుమ్ము పెరట్లో పెట్టిన ప్రతి కాయ మీదా పడేది. వాటిని కడిగే పని మాకిచ్చింది అమ్మ. బీరకాయ చెక్కు తీస్తుంటే పారెయ్యొద్దంది. దాన్ని నూనెలో వేయించి, పచ్చిమిర్చీ చింతపండూ వేసి నాచేత రోట్లో రుబ్బించింది. నేను రుబ్బిన పచ్చడిని నేను గిన్నెలో పడేస్తే రుబ్బిన చెయ్యికి అవమానం కదా. తిన్నాను. ఆ తర్వాత బీరకాయ కన్నా దాని తొక్కే నాకు ఎక్కువ ఇష్టమైంది. అమ్మ నాన్నతో "కూర మీకూ తొక్క దానికీ" అని నవ్వేది.

తమ్ముడికి అరటిపువ్వు నచ్చింది. ఎర్రటి రేకులు ఒక్కొక్కటీ విప్పి, లోపలి చిన్న పువ్వుల్లోంచి గట్టి కేసరాన్ని తియ్యడం వాడి పని. సీసాల్లో పురుగుల్ని దాచుకునే వాడికి అంతకన్నా మంచి పని ఉండదు. చేతులు నల్లబడ్డాయి. ఒక మధ్యాహ్నమంతా ఇంట్లో ఉన్నాడో లేడో తెలియలేదు. వండాక, "ఇది నాను సేసినాను" అని వీధిలో అందరికీ చెప్పి, రుజువు కోసం వాళ్ళ ముందే తిన్నాడు.

అన్నీ అలా సుఖాంతం కాలేదు. పొట్లకాయ మా ఇద్దరికీ ఎక్కలేదు. అమ్మ పాలు పోసి చూసింది, పప్పులో వేసి చూసింది, పెసరపప్పు కూరి చూసింది. అన్నీ మేకకే చేరాయి. గుమ్మడికాయ పులుసు నాన్నకి నచ్చింది, మాకు నచ్చలేదు. ఇంకో ఏడాదికి నాకు నచ్చింది, తమ్ముడికి నచ్చలేదు. అమ్మ దేనికీ తొందరపడలేదు. ఒక చెంచాడు వడ్డించడం మానలేదు, అడగడం మొదలుపెట్టలేదు. కొన్నాళ్ళకి పూర్ణా మార్కెట్‌కి వెళ్ళేటప్పుడు మమ్మల్ని తీసుకెళ్ళడం మొదలుపెట్టింది. ఒక్కొక్కరూ ఒక కాయ ఎంచుకోవచ్చు. తమ్ముడు చేమదుంపలు ఎంచుకున్నాడు, ఎలుగుబంటి పిల్లల్లా ఉన్నాయని. నేను పనసపొట్టు, సింహాచలం కొండ దిగివచ్చిన ముసలామె అది కొడుతుంటే చూడ్డానికి బాగుందని. రుచి సంగతి ఇంటికొచ్చాక చూసుకునేవాళ్ళం.

ఇదంతా అయ్యాక నాన్న ఏం చేశాడనుకున్నారు? పేరంతా తనదే అన్నాడు. వర్క్‌షాపులో ఎవరి పిల్లలు అన్నం తినకపోయినా సలహా కోసం నాన్న దగ్గరికే వచ్చేవారు. ఒక ఆదివారం ఆయన దగ్గర కొత్తగా చేరిన కుర్రాడు భార్యని, చంటిపిల్లని తీసుకుని ఇంటికొచ్చాడు. పిల్ల అన్నం, పాలు తప్ప ఏదీ ముట్టదట.

"బలవంతం సెయ్యకూడదు. అస్సలు సెయ్యకూడదు" అన్నాడు నాన్న, ఆ ముక్క పుట్టుకతోనే తెలిసినవాడిలా. "ముందు మనం తినాలి. పిల్లలు మనల్ని సూస్తారు. నాను మా ఇంట్లో అలాగే సేసినాను. తినని కూరంటూ ఉందేటి? ఏది పెట్టినా తింతాను నాను."

ఆ పిల్ల తల్లి, అమ్మవైపు ఎంతో గౌరవంగా చూసింది, అలాంటి భర్త దొరికినందుకు. అమ్మ చిన్నగా తలూపి లోపలికి వెళ్ళింది. కాసేపటికి అందరికీ పళ్ళేలు పెట్టి వడ్డించింది. నాన్నకి అన్నం పక్కన కాకరకాయ వేపుడు, చెంచాడు కాదు, గరిటెడు.

మా ఇంట్లో కాకరకాయ తినేది అమ్మ ఒక్కతే. నాన్న దాన్ని చూశాడు. ఎదురుగా కుర్రాడు, పక్కన వాళ్ళావిడ, ఆవిడ ఒళ్ళో ఆ చంటిది, అందరూ ఆయన చేతినే చూస్తున్నారు. మెచ్చుకోకూడదన్న నియమం గుర్తుపెట్టుకుని నేనూ తమ్ముడూ మొహాలు మామూలుగా పెట్టుకున్నాం.

నాన్న ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. "బాగుంది" అన్నాడు. ఆ తర్వాత మంచినీళ్ళ చెంబుకోసం చెయ్యి చాపాడు. అమ్మ దాన్ని అప్పటికే ఆయన పక్కన పెట్టి ఉంచింది.